కొనకనమిట్ల దగ్గర దిగిన మనిషి

దస్తగిరి మామ పోయిన నలభయ్యో రోజున
కాశింబీ అత్త నన్ను పిలిచి
బియ్యం డబ్బా అడుగు నుంచి తీసిచ్చింది
పదకొండు హాజరు పట్టీలు.
"ఏముందో చూడమ్మాయ్, నాకు చదువు రాదు.
వచ్చినాయన సగంలో లేచిపోయాడు."

ముందు వైపు మా పేర్లు:
వచ్చినోళ్లకి గీత, రానోళ్లకి సున్నా.
వెనక నుంచి తిప్పితే కథలు.
ఒక్కటీ కంచికి పోయింది కాదు.

మార్కాపురంలో అప్పుడు
ఉతికి ఆరేసిన చీర కూడా పలకరంగుకి తిరిగేది.
మగోళ్లు ఉలి పెట్టి రాయిని పొరలు విప్పేవాళ్లు,
ఆడోళ్లు చట్రాలు బిగించేవాళ్లు.
నేను పదేళ్లదాన్ని, చీటీలు అంటించేదాన్ని.
విరిగిన ముక్క మీద మామే నాకు ఓనమాలు పెట్టాడు.

అన్నాల వేళ రాళ్లకుప్ప నీడన
కథ ఎత్తుకునేవాడు.
మధ్యలో దగ్గు.
ఆ దగ్గూ కథలోదే అనుకునేవాళ్లం,
లోపల దుమ్ము పేరుకుంటోందని తెలీక.

నాంచారి.
భుజాన జ్వరంతో పిల్లోడు.
పొదిలిలో ఎక్కింది, ఆఖరి బస్సు.
టికెట్టుకి ముప్పావలా తక్కువైతే
కొనకనమిట్ల దగ్గర దించేశాడు కండక్టరు.
వాన.
వెనక ఎర్రలైటు మలుపు తిరిగిపోయింది.

గంట కొట్టారు.

ఆ సాయంత్రం ఎన్ని చట్రాలు వంకరపోయాయో!
కండక్టర్ని తిట్టని నోరు లేదు.
పిల్లికి బిచ్చం పెట్టని మేస్త్రీ కూడా
"నేనుంటే ఇచ్చుండేవాణ్ణి" అన్నాడు.
"అయితే సుబ్బులు కూలీలో కోసింది ఇచ్చెయ్" అంది ఎవరో.
అందరూ చూస్తుంటే
జేబులో చెయ్యి పెట్టక తప్పలేదు.

కథకి ఇంతకన్నా ఏం చేతనవుతుందిలే
అనుకున్నా.

ఆ వారంలోనే తిరుపాలమ్మ కొడుకు పోయాడు.
నాలుగేళ్లోడు. జ్వరమే.
మూడో రోజు పనికొచ్చింది.
ఎవరి మొహమూ చూళ్లా, సద్ది విప్పలా.
నేరుగా మామ దగ్గరికెళ్లి అడిగింది:
"నాంచారి పిల్లోడు బతికాడా?"

నీళ్లు తాగుతున్నోళ్లు
చెంబు దించలేదు.

"ఇంకా రాయలేదమ్మా" అన్నాడు మామ.
"ఎప్పుడు రాస్తావు?"
"రాస్తా."

మర్నాడూ అడిగింది. ఆ మర్నాడూ.
తర్వాత పండక్కో పబ్బానికో.
బద్ధకం మనిషని మేం నవ్వుకున్నాం.
ప్లాస్టిక్కు పలకలొచ్చాయి,
షెడ్డు రేకులు తూకానికి అమ్మేశారు,
ఒంగోలులో కూతురి దగ్గరికి పోతూ
బస్సు మెట్టు మీద నిలబడి కూడా అడిగిందంట తిరుపాలమ్మ.

ఏడో పట్టీలో దొరికింది ఆ కథ.
రాయలేదన్నది అబద్ధం.
నాలుగు పేజీలు రాశాడు,
తెల్లారేసరికి పిల్లోడి ఒళ్లు చల్లబడిందనేదాకా.
ఆ నాలుగు పేజీలూ అడ్డంగా కొట్టేసున్నాయి,
కాగితం చిరిగేంత గట్టిగా.
కింద, వేరే సిరాతో ఒక్క వాక్యం:
దూరంగా ఏదో దీపం కదిలింది.
తర్వాత అన్నీ తెల్ల కాగితాలే.

పట్టీ ముందుకు తిప్పి ఆ నెల వెతికా.
తిరుపాలమ్మ పేరుకెదురుగా
రాని రెండు రోజులూ
వచ్చినట్టే గీతలు.

నిన్న పొదిలి నుంచి వస్తున్నా.
కొనకనమిట్లలో బస్సాగింది, ఎవరూ దిగలేదు.
చేతిలో ఎందుకో చిల్లర పట్టుకుని ఉన్నా.
ఎన్నాళ్లుగానో దాచిన నంబరుకి ఫోన్ చేశా.
నా గొంతు పోల్చుకోగానే
నేను బాగున్నానా అని కూడా అడగలేదు ముసలామె.
అదే అడిగింది.

"ఇంకా రాయలా పెద్దమ్మా" అన్నా.
"దూరంగా ఏదో దీపం కనపడిందంట, అంతవరకే ఉంది."

బస్సు కదిలింది.

"ఎంత దూరంలో?" అంది.