గైరుహాజరు

జిల్లా నుంచి కాగితం వచ్చింది.
అబ్బాయిలెందరు, అమ్మాయిలెందరు,
పరీక్షకు కూసున్నదెందరు, గట్టెక్కినదెందరు,
సోమవారం లోపల నింపి పంపాలె.
సిరొంచల కరెంటు పోయి గంటైంది.
కిటికీ పక్కకు బల్ల జరుపుకొని
ఈ శాళ గుమాస్తాను
పాత దాఖలా రిజిస్టర్లు దులుపుతున్న.

నిరుడు మా అమ్మాయిలకు నూటికి తొంభై ఒకటి,
అబ్బాయిలకు డెబ్బై ఆరు.
పెద్దసారు చూసి మురిసిండు:
మన పోరీలే ముందల!
నిజమే,
కూసున్నోళ్ళల్ల.
చలి తగ్గకముందే ప్రాణహిత దాటి
మిర్చి ఏరబోయినోళ్ళకు
ఈ కాగితంల గడి లేదు.
హైదరాబాదు హోటళ్ళల్ల గిన్నెలు తోమే
పోరగాళ్ళకు సుత లేదు గానీ,
వాళ్ళు పోయిన్నాడు బస్టాండు దాకా దోస్తులు పోయిండ్రు,
ఫోటోలు దిగిండ్రు.
పోరీల కోసం ట్రాలీ వచ్చింది.
ఎక్కిండ్రు.

పద్నాలుగేండ్ల కిందటి పుట.
జాడి చంద్రకలా పోచం.
మా చెల్లె.
ఇంట్ల చంద్రకళ.
మరాఠీ రాత ఆమె 'ళ'ను 'ల' చేసింది.
శాళల మాత్రం ళ భద్రంగ ఉన్నది.
ఆ భాషల మా నాలికకు
తడబడకుంట దొరికిన మొదటి మాట అదే.

నేను తొమ్మిది తప్పి
ఆమె వెనక బెంచీల పడ్డ.
రెండు రోజులు మాట్లాడలే, సిగ్గుకు.
మూడోనాడు లెక్కల నోటుబుక్కు
వెనక్కి జరిపింది,
తల తిప్పకుంట.

పదిల, అమ్మ మూట గట్టుకుంట అన్నది:
ఇద్దరం ఏరితె రెండు కూళ్ళొస్తయి,
నువ్వు మగపిల్లగానివి, పరీక్ష రాయి.
చెల్లె నా దిక్కు చూసింది.
నేనేం అనలే.
ఇది ఏ గడిల రాయాల్నో
ఇప్పటికి సుత తెల్వది.

నాలుగో పాఠం దాకా లెక్కలన్నీ చేసి,
ఐదో పాఠం పేరు, సంభావ్యత అని,
పుట నడుమ రాసి
కింద స్కేలుతోటి గీత కొట్టి పోయింది.
నాకు నలభై ఒకటి మార్కులు.
ఒక్క మార్కు సుత ఆ గీత దాటి రాలే.
దానితోటే కాలేజీ, టైపింగు, ఈ కుర్చీ.
ఆ నలభై ఒకటి
అబ్బాయిల వరుసలనే కలిసినయి.

శాళ విడిచిన కారణం:
నా పేరు ముందల, పై చదువు కోసం.
ఆమె పేరు ముందల, సతత గైరుహాజరు.
ఆ ఆఖరి మాట మరాఠీలనూ అదే, మన తానా అదే.
తెలుగు చేసి తప్పించుకుందామంటే
వీలు లేదు.

రాత్రి ఫోన్ చేసిన.
కాటారం అవతల మిర్చి కల్లంల ఉన్నది,
ఘాటుకు తుమ్ముకుంట ఎత్తింది.
నీ పేరు తప్పు రాసిండ్రే, దిద్దిపియ్యన్నా,
అఫిడవిటు కావాలె, పెద్దసారు సంతకం కావాలె,
రెండు పాస్ ఫోటోలు...
నవ్వింది.
"గది సరే గానీ,
ఐదో పాఠం చేసినవా అన్నా?"

చెయ్యలే అన్న.
ఇద్దరం ఊకనే ఫోన్ పట్టుకొని ఉన్నం.
ఆమె వెనక ఎవరో మగ గొంతు
బస్తాలు లెక్కవెడుతున్నది,
ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది,
మల్ల ఎనభై ఆరు,
మల్ల ఒకటి నుంచి.
"ఆగన్నా," అన్నది చెల్లె,
"వీళ్ళతోని కాదు గానీ,
ఒక్క నిమిషం పెట్టకు."

పెట్టలే.