ణ

చుట్టుగుంట వైపు నుంచి గాలి తిరిగిందంటే
క్లాసులో పదకొండుమందీ ఒక్కసారే తుమ్ముతారు.
"యార్డుకి కొత్త సరుకొచ్చింది టీచర్" అంటాడు ఇర్మియా.
ఘాటుని బట్టి మిర్చి రకం చెప్పగలడు,
భుజానికెత్తకుండానే టిక్కీ తూకం చెప్పగలడు.
పేరు రాయమంటే మాత్రం
బొటనవేలు చూపిస్తాడు.
స్టేషన్లో చేసిన అలవాటు.

ఇక్కడ పెన్సిళ్ళు లెక్కపెట్టి ఇవ్వాలి,
లెక్కపెట్టి తీసుకోవాలి.
చెక్కే బ్లేడు నా దగ్గరే ఉంటుంది.

ఆగస్టు పదిహేనుకి వచ్చిన ఆఫీసరు మైకులో,
"శిక్షకీ శిక్షణకీ ఒక్క అక్షరమే తేడా" అన్నాడు.
అందరం చప్పట్లు కొట్టాం.
బిస్కెట్ ప్యాకెట్లు పంచి కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క అక్షరం
ఇర్మియాకి తొమ్మిది రోజులు పట్టింది.

ఎక్కడ మొదలెట్టాలో తెలీదు, ఎక్కడ ఆపాలో తెలీదు.
ఒకసారి వానపాము,
ఒకసారి లారీ బ్యాటరీ నుంచి పీకిన వైరు చుట్ట.
"న రాస్తే సరిపోదా టీచర్, మనం పలికేది అదేగా?"
సరిపోదన్నాను. ఎందుకో నాకూ సరిగ్గా తెలీదు.
"పోనీ దీంతో మొదలయ్యే మాటొకటి చెప్పండి."
గోడమీది చార్టు చూశాను.
ఆ గడిలో బాణం బొమ్మ.
"ఏ మాటా దీంతో మొదలవదురా. మధ్యలో వస్తుంది."
"అట్టా ముందే చెప్పాలి గదా" అని
పదో రోజు పొద్దున్నే రాసి తెచ్చాడు.
ఒక మెలిక ఎక్కువైంది.
దిద్దలేదు నేను.

ఆ సాయంత్రం పెన్సిళ్ళు పదే వచ్చాయి.
వార్డెన్ పక్కలు దులిపించాడు, జేబులు తిరగేయించాడు.
నా సంచిలోదొకటి తీసి డబ్బాలో వేసి
"పదకొండు" అన్నాను.
ఇర్మియా నా వంక చూళ్ళేదు.
మిగతా పదిమందీ చూశారు.

నవంబర్లో బోర్డు వాణ్ణి వదిలేసింది.
తొడిమలు తీసే పని ఒక పూట మానుకుని
వాళ్ళమ్మ వచ్చింది, వేళ్ళకి ఇంకా ఎర్రటి పొడి,
ముద్ర వేసి తీసుకుపోయింది.
పదకొండుమందిలో ఇద్దరు మళ్ళీ వచ్చారు.
వాడు రాలేదు.
రాకపోవడం రాసుకోడానికి
మా రిజిస్టర్లో గడి లేదు.

మొన్న సిగ్నల్ దగ్గర
నా స్కూటీ ముందు టిక్కీల లారీ.
గోతాల మీద కుంచెతో, నల్ల రంగుతో,
వెంకటరమణ ట్రేడర్స్,
వెంకటరమణ ట్రేడర్స్.
ప్రతి ణ కీ ఒక మెలిక ఎక్కువ.

పచ్చలైటు పడింది. వెనక హారన్లు.
నేనింకా లెక్కపెడుతూనే ఉన్నాను,
పదకొండు దాటాక కూడా.