తలకాడ ఖాళీ

ఆదోని పత్తి యార్డు ఎదురుగా
మండీ మీది మేడగది. ఫ్యాను తిరిగితే దూది లేస్తుంది.
కీబోర్డు సందుల్లో, టీ గ్లాసులో,
షమీమ్ కనురెప్పల మీద కూడా దూదే.

ఆమె తెర మీద పదకొండు ట్యాబులు.
పదకొండింటికీ ఒకటే పేరు:
గవిసిద్దప్ప అండ్ కో.
తూకం పేజీ గవిసిద్దప్ప. చెల్లింపు పేజీ గవిసిద్దప్ప.
తేమ శాతం, హమాలీ కూలీ, రద్దయిన రశీదు,
అందరూ గవిసిద్దప్పలే.

తప్పు నాది.
నలభై పేజీలకు ఒకటే లేఅవుట్, ఒకటే చట్రం కట్టి
దాని తలలో ఒక్కసారి ఆ టైటిల్ రాసి
చేతులు దులుపుకున్నాను.
ఒకచోట రాస్తే నలభై చోట్ల కనబడుతుందని
ఆ రోజు ఎంత మురిసిపోయానో.

సోమవారం బేరాలు ముగిసే వేళ
షమీమ్ ఏడో ట్యాబనుకొని ఎనిమిదోది నొక్కింది.
కోసిగి ఉలిగమ్మ డబ్బు
కౌతాళం ఉలిగమ్మ ఖాతాలో పడింది.
మూడోనాటికి తిరిగొచ్చింది, నిజమే.
ఆ రెండు రాత్రులూ ఆ మనిషి
యార్డు షెడ్డులో ఖాళీ గోతాల మీద పడుకుంది.
నన్నెవరూ ఏమీ అనలేదు.
షమీమ్‌ను అన్నారు.

కిందికి దిగితే ఉరుకుందప్ప
బస్తాలకు గుర్తులు కొడుతున్నాడు.
కోసిన తగరపు రేకు ఆనించి, నల్లరంగు కుంచెతో ఒక్క అద్దు:
మండీ గుర్తు, ఒక గీత, కింద వేలెడు సందు.
ఆ సందులో మాత్రం చేత్తో రాస్తాడు రైతు పేరు.
"రేకులోనే పేరు గూడా కోసుకుంటే పని తగ్గుతాది గదా" అన్నాను.
కుంచె ఆపకుండానే అన్నాడు:
"రేకు అన్నిటికీ ఒకటేనప్పా.
బస్తా ఒకటేనా?"

మళ్లీ మేడెక్కాను.
చట్రం తలలో ఆ పేరు చెరిపి, సందు వదిలాను.
ఎవరి పేరు వాళ్లే చెప్పుకోవాలని
ప్రతి పేజీ మొదటి వరుసలో ఒక మాట పెట్టాను.
ఇన్నాళ్లూ చట్రమే ముందు పుడుతుందనుకున్నా.
కాదు. లోపలి పేజీ ముందు తయారై
తన పేరు పైకి అందిస్తే
అప్పుడు చట్రం వచ్చి చుట్టూ నిలబడుతుంది.
తలరాత పైనుంచి దిగుతుందంటారు.
ఇక్కడ కిందినుంచి ఎక్కింది.

పేరు చెప్పడం మరిచిన పేజీ ఒకటి దొరికింది,
రద్దయిన రశీదుది.
దాని తలకాడ ఏమీ లేక
ఒక అడ్డగీత ఊరికే వేలాడుతోంది,
పక్కన గవిసిద్దప్ప.
ఇట్లాంటి దిక్కులేనివాటికి మండీ పేరు చాల్లే అని
ఒక మినహాయింపు రాశాను.

షమీమ్ చూసింది. మెచ్చుకోలేదు.
"గవిసిద్దప్ప అండ్ కో, ఉలి... ఇంతే కనబడుతుంది భయ్యా.
యా ఉలిగమ్మ?"
నిజమే. ట్యాబు వెడల్పు బెత్తెడైనా లేదు,
మొదట ఉన్న మాటే బతుకుతుంది.
వరుస తిరగేశాను.
ఊరు, మనిషి, తర్వాత పని,
అన్నిటికన్నా చివర మండీ.

దీపాలు పెట్టే వేళ సావుకారు మేడెక్కి
కళ్లద్దాలు పంచె కొంగుతో తుడుచుకొని
ట్యాబులు ఒకటొకటే చదివాడు.
కోసిగి ఉలిగమ్మ, తూ...
కౌతాళం ఉలిగమ్మ, చె...
హొళగుంద నాగేంద్ర, తే...
"నా పేరు యాడప్పా?"
"ఉంది సావుకారూ, చివర్న.
చోటు చాలక కనపడదంతే. బాణం ఆనించి చూడండి."

ఆనించాడు.
చిన్న చీటీ ఒకటి తేలింది, కొసన ఆయన పేరుతో.
అది మాయమవుతుందేమోనని
చెయ్యి కదపకుండా నిలబడిపోయాడు.
పక్కనే షమీమ్,
కోసిగి ఆమె రశీదు చేతిలో పట్టుకొని,
మౌస్ ఎప్పుడిస్తాడా అని.