గడ్డం కింది ఎండ

ఇక్కడ ఎండ రెండుసార్లు కొడుతుంది.
పైనుంచి ఒకసారి, అందరినీ కొట్టినట్టే.
తెల్లటి మడిలో పడి లేచి
కిందనుంచి ఇంకోసారి.
హంబన్‌తోట ఉప్పు పనివాళ్లని
గడ్డం ఎత్తమంటే చాలు, పోల్చుకోవచ్చు:
నీడ ఉండాల్సిన చోట కమిలిన నలుపు.

పనిలో చేరిన మొదటి వారమే
ముక్కులోంచి రక్తం కారి
ఉప్పుగుట్ట మీద మూడు చుక్కలు పడ్డాయి.
సూపర్వైజర్ సిరిల్ ఆ మేరకు పారతో గీకి అవతల పారేసి
నా లెక్కలో ఒక గంప తగ్గించుకున్నాడు.

ఆ సాయంత్రం బాబున్ నోనా నన్ను
కరోలిస్ వైద్యుడి దగ్గరికి లాక్కెళ్లింది.
నాడి తర్వాత పట్టాడు, ముందు అరచేతుల పగుళ్లు చూశాడు.
"పొద్దున్నే ఏం తింటావ్?"
"రాత్రి మిగిలిన చేపల పులుసు. ఎండుమిరపకాయ."
"కుంపటి పక్కన కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నావ్,
గాలి కుంపటికే తగులుతోంది" అన్నాడు.
పుస్తకమేదో తెరుస్తాడనుకున్నాను,
పెరటి తలుపు తెరిచాడు.

తంగేడు. మేం రణవరా అంటాం.
ఎవరూ నీళ్లు పొయ్యరు. మేకలు కూడా
ఇంకేమీ దొరక్కపోతేనే దాని మొహం చూస్తాయి.
అయినా ఒళ్లంతా పసుపు పూసుకుని నిలబడుతుంది, పెంకిది.
"ఎండలో బతికినదానికే ఎండ గుట్టు తెలుస్తుంది"
అంటూ దాని పూలు పాత లాటరీ కాగితంలో పొట్లం కట్టిచ్చాడు.

అప్పట్నుంచీ నాలుగింటికే లేస్తున్నాను.
పూలు మరిగి నీళ్లు తేనెరంగుకి తిరిగేలోగా
కలబంద మట్ట చీల్చి అరికాళ్లకి రుద్దుకుంటాను.
(ఆ జారుడు కాళ్లతోనే గడప దాటబోయి
ఒకసారి మోచెయ్యి కొట్టుకుపోయింది, అది వేరే సంగతి.)
మాడు మీద నాలుగు చుక్కల నూనె.
సరస్వతి ఆకు గంజి, పచ్చిగా, వగరుగా,
ఒక గుక్కకి ఒక కొరుకు జీలుగుబెల్లం.
పెరుగు వేడి, చిలికితే చలవ అంటాడాయన.
మా దారిపొడుగునా గేదెపెరుగు కుండలు వేలాడుతుంటాయి,
మొహం తిప్పుకుని నడవడమే
అన్ని పథ్యాల్లోకీ కష్టమైన పథ్యం.

మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద
బాబున్ నోనా వెలగపండు నేలకేసి కొట్టి, గుజ్జు నీళ్లలో పిసికి
గ్లాసు నా చేతికిచ్చి, మళ్లీ తనే మూత పెడుతుంది:
"ఆగు. ఊపిరి కుదరనీ. రొప్పుతూ తాగితే
నీళ్లు కూడా మండుతాయి."

వైద్యుడు చెప్పినవన్నీ చేశాను, ఒక్కటి తప్ప.
"మిట్టమధ్యాహ్నం కోపం తెచ్చుకోకు పియసీలీ,
కోపమూ పిత్తమే,
రెండూ ఒకే పొయ్యి మీద ఉడుకుతాయి."

జీతాల రోజు పన్నెండు గంటలకి
సిరిల్ పుస్తకంలో నా గంపలు తొంభై ఏడు.
నేను మోసినవి నూట పన్నెండు.
రోజూ కొంగుకి ముడులేసుకుని, రాత్రి గోడమీద బొగ్గుతో దించుకున్నవి.
నాలుక మీదికొచ్చింది మాట, ముక్కుదాకా వచ్చింది వేడి.
గ్లాసు మీద మూత గుర్తొచ్చింది.
ఆగు. ఊపిరి కుదరనీ.

ఆయన మిట్టమధ్యాహ్నం వద్దన్నాడు కానీ
సాయంత్రం వద్దనలేదుగా.

సముద్రం మీద గాలి తిరిగాక వెళ్లాం, పదకొండు మందిమి.
ఎవరమూ గొంతెత్తలేదు.
ఒకరి తర్వాత ఒకరం బల్లమీద
మా లెక్కలు పెట్టుకుంటూ పోయాం:
బొగ్గుగీతలు దించుకున్న అట్టముక్కలు, ముడులేసిన తాళ్లు,
సుమనా అయితే చింతగింజల సంచీనే బోర్లించేసింది.

ఫ్యాను కిందే ఉన్నాడు సిరిల్.
చొక్కా వీపుకంటుకుపోయింది.
గడ్డం కిందనుంచి, ఉప్పు మడి ఎన్నడూ తాకని చోటునుంచి,
ధారగా చెమట.

ఫ్లాస్కు మూతలో రణవరా వంచి ఆయన ముందుకి జరిపాను.
"తాగండయ్యా, ఒంటికి చలవ.
తొందరేం లేదు.
మేం కూర్చుంటాం."