నాలుగో గడి

ముత్తుకూరు రోడ్డులో మా విశ్వవిద్యాలయం,
రెండో అంతస్తు, మెట్ల పక్క గది.
తలుపు మీద బోర్డు: సాంకేతికత బదిలీ విభాగం.
వచ్చేవాళ్ళు ‘బదిలీ’ ఒక్కటే చదువుకుని
"మా బావని కావలికి వేయిస్తారా సార్?" అంటారు.
ఇక్కడ మనుషుల్ని కాదబ్బా, ఆలోచనల్ని బదిలీ చేస్తామని
చెప్పీ చెప్పీ
ఇప్పుడు ఊరికే తల అడ్డంగా ఊపుతున్నాను.

ఈ పొద్దు వచ్చిన ఫైలు
వేలెడంత కాగితం ముక్క గురించి.
రొయ్యల గుంటలో ముంచితే
నీళ్ళు ముదరబోయే ముందే ఎర్రబడుతుంది.
మూడో గడి దాకా చకచకా నింపాను.
నాలుగోది: ఆవిష్కర్తల పేర్లు, వాటాలు.
వసుమతి మేడం, అరవై.
పరిశోధక విద్యార్థి ఖాదర్‌వలీ, నలభై.
మేడం పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి
"ఇంకొకాయన ఉన్నాడు" అంది.

ఉన్నాడు.
పంటపాళెం అవతల గుంటల కాడ
కాపలా ఉండే మానికల చెంచురామయ్య.
పొద్దు వాలేటప్పుడు
మొలతాడుకి కట్టుకున్న పసుపు దారం విప్పి నీళ్ళలో ముంచి
"ఎర్రబారింది సామీ, చక్రాలు తిప్పండి" అనేవాడట.
ఖాదర్ మీటరు గంట తర్వాత
అదే మాట దశాంశాలతో చెప్పేదట.

పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపని
దిష్టి తీసిన ప్రతి చేతికీ తెలుసు.
అందరికీ తెలిసినదానికి పేటెంటు రాదు.
ఉప్పునీళ్ళలో రంగు కారిపోకుండా పట్టుకునే పూత,
అది వీళ్ళది. నాలుగేళ్ళు.
రెండొందల పదకొండు సార్లు చెడింది.
న్యాయమే.
పూత పట్టుకున్న ఆ ఎరుపుకి మాత్రం
మా ఫారంలో చోటు లేదు.

లైసెన్సు అడగను రెండు జట్లు వచ్చాయి.
మద్రాసు కంపెనీ కారులో వచ్చింది.
అడిగినంత ముందే ఇస్తాం, హక్కులన్నీ మాకే.
వాళ్ళమ్మేది గుంటకి జబ్బు చేశాక పోసే మందు.
జబ్బును ముందే చెప్పే కాగితం వాళ్ళకెందుకో
నేను అడగలేదు.
కొని సొరుగులో పెట్టి తాళం వేయడం కూడా
ఒక వాడకమే.

రెండోవాళ్ళు స్కూటీ మీద, అల్లూరు నించి,
కోమలి, ఆమె క్లాసుమేటు దశరథ్.
వాళ్ళ కంపెనీ ఖాతాలో లక్షా పద్దెనిమిది వేలు.
"ముందు రుసుం ఇవ్వలేం సార్.
కంపెనీలో నూటికి ఐదు వాటా తీసుకోండి,
అమ్మిన ప్రతి డబ్బాకీ మూడు శాతం."
రిజిస్ట్రారు నవ్వాడు, "లేనిదాంట్లో ఐదా?"
విధానం పుస్తకం పద్దెనిమిదో పేజీ తీసి ముందు పెట్టాను.
మూడేళ్ళు కమిటీలు కూర్చుని
టీలు తాగి రాసిన వాక్యం,
మొదటిసారి ఎవరో చదివారు.

నేను గుమాస్తాని. వాక్యాలు నావి కావు.
అయినా పదకొండో షరతు నేనే టైపు చేశాను:
రెండేళ్ళలో డబ్బా అంగట్లోకి రాకుంటే
హక్కు ఇంటికి తిరిగి రావాలి.
మద్రాసు కారు ఆ పేజీ దగ్గరే వెనక్కి తిరిగింది.
కోమలి రెండుసార్లు చదివింది.
"ఒకటిన్నర అని కొట్టన్నా" అంది.

మేడం తన అరవైలో పది కోసింది.
నాలుగో గడిలో పట్టక
ఒక కాగితం అతికించి ‘అనుబంధం’ అని రాశాం.

పై ఏడు మొదటి రాబడి.
చెంచురామయ్య వంతు వెయ్యిన్నూట నలభై.
చెక్కు పట్టుకుని నేనే పోయాను.
గట్టు జారుడు. చక్రాల చప్పుడులో
ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలి.
"దేనికియ్యి?"
"పసుపు దారానికి."
"దేనికీ?"
"దారానికయ్యా, దారానికి!"

చాలాసేపు నవ్వాడు.
"దారం నాది కాదబ్బా. మా అత్త చెప్పింది, పోలమ్మ.
ఆమెకి ఎవరు చెప్పారో."
ఉందా అన్నాను.
గడ్డంతో రెండో గుంట చూపించాడు.
అది తవ్వకముందు ఆమె గుడిసె ఆడే ఉండేదట.
అనుబంధానికి ఇంకో అనుబంధం
ఏ పేజీ ఒప్పుకుంటుందో నాకు తెలీదు.

చెక్కు మడిచి టోపీలో దోపుకున్నాడు.
"ఆ కాగితాల డబ్బా ఎంతకి అమ్ముతున్నారు?"
"నూట అరవై."
"నూట అరవయ్యా!"
మొలతాడు తడుముకుంటా
గుంట మీదికి వంగాడు.