రైలు వెళ్ళేదాకా ఆగండి

మూడుసార్లు దగ్గండి, అంటాను.
ఫోను జానెడు దూరంలో, నోటికి కాస్త పక్కగా,
నాకు నేర్పినట్టే పట్టుకుంటాను.
పులియంతోపులో ఎవరూ మూడుతో ఆపరు.

పెంచలమ్మ ఏడుసార్లు దగ్గి
చెంగుతో మూతి తుడుచుకుని
"మిగతా నాలుగూ అప్పు కింద రాసుకో" అంది.
దగ్గుకి ఇరవయ్యా, మనిషికి ఇరవయ్యా అని ఆమె బేరం.
మనిషికే, అన్నాను.
"అయితే దండగే."

కాగితం పైన తమిళం, దాని కింద ఇంగ్లీషు.
వేలిముద్ర ఒక్కటే తెలుగు.
ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి
చీపుళ్ళతో పాటు దిగిన తెలుగు,
ఇప్పుడు తిట్లకీ జోలకీ మిగిలిన తెలుగు.
దగ్గుకి ఆ ఇబ్బంది లేదు.

దొంగకు దగ్గు చేటంటారు.
ఇక్కడ దగ్గే దొంగ.
వాడి అడుగుల చప్పుడు మిషనుకి నేర్పుతున్నాం:
ఏది బీడీది, ఏది చెత్తబండి దుమ్ముది,
ఏది ఊపిరితిత్తిలో కాపురం పెట్టింది.

ఒక్కటే చిక్కు, రైలు.
బేసిన్ బ్రిడ్జి దగ్గర పట్టాలు చేతివేళ్ళలా విడిపోయే చోట
ఈ సందు.
నాలుగు నిమిషాలకోసారి అలమరలో గిన్నెలు మాట్లాడుకుంటాయి.
రైలు వెళ్ళేదాకా ఆగండి, అంటాను.
దగ్గు ఆగుతుందా?
వచ్చినదాన్ని నోట్లోనే బిగబట్టి
కళ్ళెర్రజేసుకుని కూర్చున్నాడు చెంగయ్య,
గూడ్సు పెట్టెలు వేళ్ళ మీద లెక్కపెడుతూ.
యాభై నాలుగో పెట్టెకి వదిలేశాడు.
ఫైలు అలాగే వెళ్ళిపోయింది.

ఆర్నెల్లకి తరమణి నుంచి ముకిలన్ వచ్చాడు,
ల్యాప్‌టాప్ సంచిని ఒళ్ళో పిల్లిలా పెట్టుకుని.
మిషను తప్పు నేర్చుకుంది, అన్నాడు.
జబ్బు దగ్గులన్నీ ఈ సందులో పట్టినవి.
మంచి దగ్గులు వాళ్ళ ఆఫీసులో,
ఏసీ గదిలో, టీ తాగే మధ్యలో, సరదాగా దగ్గినవి.
అందుకని అది దగ్గు వినడం మానేసి
రైలు వినడం మొదలుపెట్టింది.
రైలు వినబడితే క్షయ.
వినబడకపోతే ఆరోగ్యం.

అతను నవ్వాడు. నేనూ నవ్వాను.
పెంచలమ్మకి చెబితే నవ్వలేదు.
"దానికెవరు చెప్పారంట?
మా అత్తకి అది తెలిసేసరికి ముప్పై ఏళ్ళు పట్టింది."

తర్వాత రైలుని కడిగేశారు.
ఎలా కడుగుతారో నాకు తెలీదు.
చెవిలో పెట్టి వినిపించాడు:
చెంగయ్య దగ్గు, ఒంటరిగా,
ఒడ్డున పడేసిన చేపలా.
యాభై నాలుగో పెట్టె లేదు. గిన్నెలు లేవు.
సందే లేదు.
ఇక సరిగ్గా చెబుతుంది, అన్నాడు.

చెప్పింది కూడా. అబద్ధమాడను.
ఆడుతొట్టి వెనక ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్ల,
పేరు యువరాణి.
వానలో తడిసిన దగ్గనుకున్నాం.
ఫోను ఎర్రబడింది.
ఓటేరి ఆసుపత్రిలో తెమడా అదే మాట చెప్పింది.
ఆరునెలలు మాత్రలు మింగించాను,
తిట్టి, బతిమాలి, ఒకసారి సమోసా కొనిపెట్టి.
నిన్న ఫుట్‌బ్రిడ్జి మెట్లు
నాకంటే ముందు ఎక్కేసి, పైనుంచి వెక్కిరించింది.
ఆ ఒక్క వెక్కిరింత కోసం
వెయ్యి దగ్గులు పట్టొచ్చు.

రాత్రి ఫైళ్ళు పంపేటప్పుడు మాత్రం
ఒక గడి దగ్గర వేలు ఆగుతుంది.
వెనక శబ్దం: ఉందా, లేదా?
ఉందంటే ఫైలు తిరిగొస్తుంది,
ఆ మనిషి ఇరవై రూపాయలూ పోతాయి.
అందుకే రోజూ నలభైసార్లు
లేదు, లేదు, లేదు అని నొక్కి
ఈ సందు పక్క నుంచి పట్టాలన్నీ పీకేస్తుంటాను.

పదమూడు రోజులుగా నాకూ దగ్గు.
పధ్నాలుగు దాటితే పరీక్ష చేయించుకోమని
అందరికీ చెప్పేది నేనే.
ఇవాళ అన్నం తిన్నాక
ఫోను జానెడు దూరంలో, నోటికి కాస్త పక్కగా,
నాకు నేనే పట్టుకున్నాను.
దూరంగా కూత వినబడింది.
ఆగమని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.
మూడుసార్లు దగ్గాను, నాలుగోది దానంతటదే వచ్చింది,
గిన్నెలు కదిలాయి.

గడి అడిగింది.
ఉంది, అని నొక్కాను.
ఇరవై రూపాయలు పోతే పోనీ.