గోడలో బ్రేకు

నాది పది దినాల శిక్ష.
క్లాక్‌టవర్ కాడ ఊదమంటే ఊదిన,
నూట డెబ్బై ఆరు చూపించింది మిషను.
లెక్కలల్ల గూడ ఇన్ని మార్కులు రాలే సారు
అని నవ్విన ఎస్సై ముంగట.

జంగయ్యది ఇంకా తేలలే.
డీసీఎం డ్రైవరు. రిమాండు.
ఇద్దరం ఒక్క జీపుల్నే వచ్చినం,
నల్లగొండ జైల్ల నా పక్క దుప్పటి ఆయనదే.

మొదటి రాత్రి చెమటలు.
రెండో దినం చేతులు:
చాయ గిలాస అందుకుంటే
సగం చాయ అంగి తాగింది.
"చలి" అన్నడు.
మే నెల. గుట్ట రాయి పగలంతా కాగి
రాత్రి మా మీద ఊపిరి ఇడిచే నెల.

"మందు ఎన్నేండ్ల సంది?" అడిగిండు కాంపౌండరు.
"స్టీరింగు పట్టినప్పటి సంది.
ఏది ముందో యాదికి లేదు సారు."

మూడో రాత్రి బండెక్కిండు జంగయ్య.
పండుకున్నకాడనే చేతులు గుండ్రంగ తిప్పుతుండు,
గేరు మారుస్తుండు,
లేని క్లీనరును పేరు పెట్టి పిలుస్తుండు:
"ఒరే యాదిగా, ముంగటికి లైటు కొట్టరా,
రోడ్డు మీద వడ్లున్నయిరా!"

తిప్పర్తి దాటినంక
సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు,
అంచుకు రాళ్లు పేరుస్తరు.
ఆ రాత్రి రాళ్ల పక్కన
నల్ల పరద కప్పుకొని కావలి పండుకున్నడు వెంకులు.
పరద కింద వడ్లున్నయో మనిషున్నడో
క్వార్టరు నిండిన కంటికేం తెలుస్తది.
మిర్యాలగూడ మిల్లుకు
వడ్లే మోస్కపోతున్న బండి
వడ్ల మీదనే

ఆడ ఆగిపోతడు.
రోజూ ఆడనే.
అప్పుడు కుడికాలు లేస్తది,
గోడను తంతది. తంతనే ఉంటది.
సున్నం రాలి మడిమె కాడ
పిడికెడు కుప్ప పడ్డది.

దయ్యమన్నరు కొందరు.
గాలి సోకింది, తాయెత్తు కట్టాలె అన్నడొకడు.
నేనొక్కన్నే గుర్తుపట్టిన:
బ్రేకు తొక్కుతుండు మనిషి.
ఆ రాత్రి తొక్కంది ఇప్పుడు తొక్కుతుండు.

నాకెట్ల ఎరుకైందంటే,
నా చేతులు సుత వణుకుతున్నయి.
దుప్పటి కింద దాచుకున్న,
పది దినాలోడికి గింత వణుకేందిరా అంటరని.

నిన్న నన్ను ఇడిసిండ్రు.
సంతకం పెట్టమంటే పేరు వంకరబోయింది.
తాళంచెవి, సెల్లు, అరవై రూపాయలు
లెక్కజెప్పి చేతుల పెట్టిండ్రు.
జంగయ్య నిద్రల ఉండె. లేపలే.

సందు తిరిగితే వైన్సు.
ఇంకా షెట్టరు ఎత్తలే, పదికి పావుగంట తక్కువ.
అప్పటికే నలుగురున్నరు,
ఎవ్వలూ ఎవ్వల మొకం చూస్తలేరు.
నేను పోయి ఐదోవాన్నైన.

తొక్కుదామని కాలు లేపిన.
ముంగట గోడ లేదు.